బండి చెప్పే మనిషి

రైలుబండిని చూడటం కోసం సెలవు పెట్టే మనుషులు ఉంటారని, మా స్కూలుకి బదిలీ మీద వచ్చిన సైన్సు మాస్టారిని చూశాకే నాకు తెలిసింది. ఎక్కడానికి కాదు, ఎవరినో ఎక్కించడానికీ కాదు, ఊరికే చూడటానికి. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఎండలో పట్టాల పక్కన నిలబడి వచ్చే ఇంజనును ఫోనులో వీడియో తీసుకుని, దాని నంబరు చిన్న పుస్తకంలో రాసుకుంటాడు. ఇలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారట. వాళ్ళకో వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. స్టాఫ్ రూములో ఆయన ఆ వీడియోలు చూపిస్తుంటే మిగతావాళ్ళు మొహమాటానికి బాగుంది మాస్టారూ అనేవాళ్ళు. నేను నోట్సులు దిద్దుకుంటూ తల ఎత్తేదాన్ని కాదు.

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ మీదుగా దొనకొండ, మార్కాపురం దాటి పోయే లైనంటే ఆయనకు ప్రాణం. తెల్లదొరల కాలంలో వేసిన లైనట, మీటరు గేజి పీకి బ్రాడు గేజి చేశారట, ఈమధ్యే కరెంటు తీగలు లాగారట. ఇంత చరిత్ర ఉన్న లైను మీద కరెంటు ఇంజను పాసింజరును లాక్కుపోతుంటే చూడటం ఒక భాగ్యం మేడం, అన్నాడు. నేను ఆ లైను పక్కనే పుట్టానని ఆయనకు అప్పటికి తెలియదు. ఆ భాగ్యం నేను కడుపునిండా అనుభవించాను. మా ఊరి మీదుగా సాయంత్రం పోయే పాసింజరు డీజిలు రోజుల్లో గంట ఆలస్యంగా, పొగ కక్కుకుంటూ వచ్చేది. తీగలు లాగాక అదే గంట ఆలస్యంగా, పొగ లేకుండా వస్తోంది. దారిలో ఎక్స్‌ప్రెస్ వస్తే పక్కకి తప్పుకుంటుంది, గూడ్సు వచ్చినా పక్కకే తప్పుకుంటుంది. మింగమెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు దీనికి కరెంటొకటి.

మా ఊరు వినుకొండకీ దొనకొండకీ మధ్యన ఉంటుంది. లైనుకి ఇటుపక్క మా పేట, అటుపక్క మిరపచేలు, వాటి వెనక పత్తి. మా పేటలో అందరికీ చర్చి ఉంది, ఎవరికీ భూమి లేదు. ఆడవాళ్ళంతా ముఠా కట్టుకుని కూలికి పోతారు. కాయ కోతల్లో ఉదయం ఎనిమిదింటికి చేలో అడుగుపెడితే మళ్ళీ పని దిగేది సాయంత్రం నాలుగింటికి గుంటూరు వైపు పోయే పాసింజరు వచ్చినప్పుడే. బండి వస్తే పని అయిపోయినట్టు. ఈ ఏర్పాటు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. వెనకటి రోజుల్లో వాచీ రైతు దగ్గరే ఉండేదని, అది ఉదయం పరిగెత్తి సాయంత్రం కుంటేదని, రోజూ గొడవలు పడలేక పెద్దలు కూర్చుని ఇద్దరికీ కాని బండిని మధ్యవర్తిగా పెట్టుకున్నారని మా నాయనమ్మ చెప్పేది.

ముఠా అంతా తల ఎత్తి పట్టాల వంక చూస్తూ కూర్చుంటే పని సాగదు కాబట్టి బండి చెప్పే మనిషి ఒకరు ఉంటారు. మా నాయనమ్మ తరువాత ఆ పని మా అమ్మకు వచ్చింది. అమ్మ గంప కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడి, లైను వంక ఒకసారి చూసి, "బండొచ్చింది" అంటుంది. గట్టిగా అరవదు, పిల్లని అన్నానికి పిలిచినట్టు అంటుంది. ఆ మాటతో ముప్పై మంది చేతులు ఆగిపోతాయి. సాలు సగంలో ఉన్నా సరే, చెట్టుకి ఇంకా నాలుగు కాయలే మిగిలినా సరే. ఆ మాట అన్నాక రైతు నోరు తెరవడు. తెరిచినట్టు నేను వినలేదు.

నాకు ఈ ఏర్పాటంటే అసహ్యం. ఆరో తరగతి నుంచి హాస్టల్లో ఉండి చదువుకున్నాను. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అమ్మ వెనక చేలోకి పోయినా, రెండు సాళ్ళు కోసి కళ్ళు మండుతున్నాయని గట్టెక్కి కూర్చునేదాన్ని. చదువు వంటబట్టే కొద్దీ అమ్మ పనిచేసే పద్ధతి చూస్తే ఒళ్ళు మండేది. ఆ బండి ఒక్కనాడైనా వేళకు ముందు వచ్చిన పాపాన పోలేదు. ఆలస్యమైన ప్రతి నిమిషం రైతుకి ఊరికే చేసినట్టేగా. మూడు తరాల ఆడవాళ్ళు ఒక దిక్కుమాలిన రైలుని నమ్ముకుని నడుములు విరగ్గొట్టుకున్నారని, ఇంతకంటే తెలివితక్కువతనం భూమ్మీద ఉండదని నేను అమ్మ మొహం మీదే అన్నాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆమెకొక వాచీ కొనిచ్చాను. నాలుగు కొట్టగానే గంప దించి వచ్చెయ్యి, ఎవడేమంటాడో చూద్దాం అన్నాను. అమ్మ దాన్ని నాలుగు రోజులు పెట్టుకుని, గూట్లో బైబిలు పక్కన పెట్టేసింది. ఏమని అడిగితే, "రైతుకీ ఒక వాచీ ఉందిగా" అంది. ఈమెకి ఎంత చెప్పినా ఎక్కదని నేను వదిలేశాను.

ఇప్పుడు అమ్మకు డెబ్భై దగ్గర పడ్డాయి. నరసరావుపేటలో నా ఇంట్లో గది ఉంది, మంచం ఉంది, టీవీ ఉంది. రమ్మంటే రాదు. ఒక కంట్లో పొర వచ్చిందని రెండేళ్ళుగా పోరుతున్నాను, ఆపరేషను చేయిద్దామంటే కోతలు అవనీ అంటుంది. కోతల్లో ఈమె చేసేదేముంది? పక్క మనిషి రెండు గంపలు నింపేసరికి ఈమెది ఒకటి నిండదు. ముఠా మేస్త్రి నోరు కరుకైన మనిషి, చెయ్యి ఆడని వాళ్ళను మర్నాడే మానిపిస్తుంది. అమ్మను మాత్రం మానిపించలేదు. బండి చెప్పటానికి ఒక మనిషి కావాలి కాబట్టి ఉంచిందని అందరికీ తెలుసు. ఆ మాట పోతే అమ్మకు ముఠాలో చోటు లేదు. నాకు కావలసిందీ అదే అని అప్పట్లో నేను దాచుకోలేదు.

రైతు సంగతి కూడా చెప్పాలి. ఆయన నా ఈడువాడే, ఐదో తరగతి దాకా మా ఊరి బడిలోనే చదివాడు. ఎక్కాలు రాక గోడకుర్చీ వేసిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు గట్టు మీద మోటారు సైకిలుకి ఆనుకుని, చెవికి ఫోను పెట్టుకుని, యార్డులో కాయ రేటు ఎందుకు పడిపోయిందో పొద్దస్తమానం ఎవరితోనో చెబుతూ ఉంటాడు. పెరిగిందని చెప్పగా ఎవరూ వినలేదు. నన్ను టీచరమ్మా అంటాడు. అమ్మను ఏమ్మా అంటాడు. వాళ్ళ నాన్న అయితే ఏమే అనేవాడు, అంతవరకు అభివృద్ధి.

మార్చిలో రెండో శనివారం నేను ఊరికి పోతున్నానని తెలిసి సైన్సు మాస్టారు వెంటపడ్డాడు. మా చేల దగ్గర లైను మలుపు తిరుగుతుంది, అక్కడ పాసింజరుని తీస్తే బ్రహ్మాండంగా ఉంటుందని ఆయనకు ఫోనులో మ్యాపు చూస్తే తెలిసిందట. నేను అమ్మను కంటి డాక్టరు దగ్గరికి బయలుదేరదీయటానికి పోతున్నాను, ఆయన ఆ ఇనుపగాడిదను చూడటానికి వస్తున్నాడు. సరే రండి అన్నాను. మేము పోయేసరికి రెండు దాటింది. ఆయన గట్టు మీద మూడు కాళ్ళ స్టాండు దింపి, దాని మీద ఫోను బిగించి, మిరప ఘాటుకి తుమ్మటం మొదలుపెట్టాడు. నలభై తుమ్ములు తుమ్మి ఉంటాడు. ముఠాలో ఆడపిల్లలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఈయన ఏం చేస్తాడమ్మా అని ఒకామె అడిగితే, బండిని చూస్తాడు అని చెప్పాను. అందుకు జీతం ఇస్తారా అని అడిగింది.

నాలుగైంది. బండి లేదు. నాలుగున్నర అయింది. మాస్టారి దగ్గర ఇంకో ఫోనులో యాప్ ఒకటి ఉంది, బండి ఏ స్టేషనులో ఉందో చూపిస్తుంది. పాసింజరు మార్కాపురంలోనే నిలబడి ఉందని, అక్కడినుంచి ఎప్పుడు కదులుతుందో తెలియదని అందులో వచ్చింది. చూశారా మీ చరిత్ర అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఆలస్యంగా వస్తే ఎండ ఏటవాలుగా పడి ఇంజను ఇంకా బాగుంటుందని సంబరపడ్డాడు. నేను వేపచెట్టు నీడలో కూర్చుని సాళ్ళ మధ్య వంగి ఉన్న ముప్పై నడుములను చూస్తూ పళ్ళు కొరుక్కున్నాను. ఎవరైనా ఒక్కరు లేచి మేం పోతున్నాం అంటే ఈ చేను విరిగి పడుతుందా? ఒక్కరూ లేవరు. బండి రావాలి. వీళ్ళ కర్మ ఇంతే, వీళ్ళను బాగుచెయ్యటం ఆ దేవుడి వల్ల కూడా కాదు అనుకున్నాను.

ఐదు కావస్తుండగా మలుపు దగ్గర ఇంజను కనబడింది. వెనక నల్లటి పెట్టెలు, ఒకదాని వెనక ఒకటి, కిటికీలు లేనివి. గూడ్సు. చూసీ చూడగానే చిన్నపిల్లకైనా తెలుస్తుంది. అమ్మ గంప కింద పెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడింది.

"బండొచ్చింది," అంది.

ముప్పై మంది లేచారు. కొంగులు దులుపుకున్నారు. రైతు ఫోను జేబులో పెట్టుకుని మోటారు సైకిలు వైపు తిరిగాడు. గూడ్సు మా ముందునుంచే, పెట్టె వెనక పెట్టె, భూమి అదిరేట్టు పోతూనే ఉంది. ఇంతమంది దాన్ని చూస్తూ ఉండి ఒక్కరు కూడా ఒక్క మాట అనకపోవటం ఏమిటని నాకు తట్టి ఉండవలసింది. నాకు తట్టింది వేరు. రెండేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇవాళ అందరి ముందూ రుజువైంది. ఇక ఈమె ఎలా తప్పించుకుంటుందో చూద్దామనుకున్నాను. లేచి, యాభై మంది పిల్లలున్న క్లాసులో చివరి బెంచీకి వినబడేలా మాట్లాడే గొంతుతో అన్నాను.

"అమ్మా, అది గూడ్సు. పాసింజరు ఇంకా మార్కాపురంలోనే ఉంది. కన్ను ఆనటం లేదు మొర్రో అంటే వినవు."

మాస్టారు నాకు సాయం వచ్చాడు. అవునండీ, ఇదిగో చూడండి అంటూ ఫోను పైకెత్తి అటూ ఇటూ చూపించాడు. కందకు లేని దురద కత్తిపీటకు. ఆయన్ని అని లాభం లేదు, ఆ మాట ముందు నాకు వర్తిస్తుంది.

అమ్మ నా వంక చూసింది. తిట్టలేదు, బుకాయించలేదు. చేలో ఎవరూ కదల్లేదు. రైతు కాసేపు అమ్మ వంక, కాసేపు నా వంక చూశాడు. ఏం చెయ్యాలో ఆయనకూ పాలుపోనట్టు కనబడింది. తరువాత జేబులోంచి మళ్ళీ ఫోను తీశాడు.

"టీచరమ్మే చెబుతోంది గదమ్మా," అన్నాడు. "బండి రాలేదు. ఇంకో సాలు లాగండి."

మళ్ళీ అందరూ వంగారు. అమ్మ కూడా వంగింది. పాసింజరు వచ్చేసరికి ఆరు దాటి చాలా సేపైంది, కాయకీ ఆకుకీ తేడా తెలియని చీకటి పడింది. అప్పుడు అమ్మ ఏమీ చెప్పలేదు. మేస్త్రే లేచి ఇక పదండి అంది. వెలుతురు చాలక వీడియో సరిగా రాలేదని మాస్టారు నొచ్చుకున్నాడు. ఆయన స్టాండు మడుస్తుంటే రైతు దగ్గరికి వచ్చి, ఆ యాప్ నా ఫోనులో కూడా ఎక్కించండి సార్ అన్నాడు. మాస్టారు సంతోషంగా ఎక్కించాడు. మా స్టేషను పేరు ఇంగ్లీషులో ఎలా కొట్టాలో రైతుకి తెలియకపోతే నేనే కొట్టి ఇచ్చాను. ఇన్నాళ్ళకి ఈ ఊళ్ళో ఒకడికి బుద్ధి వచ్చిందని కూడా అనుకున్నాను. పేటకు తిరిగి వచ్చేటప్పుడు ముఠాలో ఎవరూ నాతో మాట్లాడలేదు. అలసిపోయారనుకున్నాను.

ఆదివారం చర్చిలో నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చారు, అంతే. సోమవారం నేను సెలవు పెట్టి ఊళ్ళోనే ఉన్నాను. తెల్లవారకముందే మేస్త్రి మా గుమ్మం దగ్గరికి వచ్చింది. గొంతులో ఎప్పటి కరుకుతనం లేదు. నువ్వు ఇంటికాడ ఉండి కళ్ళు చూపించుకో పెద్దమ్మా, ఇప్పుడు ఆయన ఫోను చూసి చెబుతానంటున్నాడు, మేమేం చేస్తాం అంది. అమ్మ సరేనమ్మా అంది. మేస్త్రి పోయాక అమ్మ గంప తెచ్చి ఎండలో బోర్లించి, సంచిలో రెండు చీరలు పెట్టుకుంది. నేను అడక్కుండానే నరసరావుపేట పోదాం పద అంది. రెండేళ్ళు పోరినా కానిది ఒక్క మాటతో అయిందని నాకు గర్వంగా ఉంది. ఉన్నమాట చెబుతున్నాను, గర్వంగానే ఉంది.

కంటి డాక్టరు కుర్రాడు, మర్యాదస్తుడు. అమ్మకు చదువు రాదని గోడ మీద అక్షరాల బదులు గీతలు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పమన్నాడు. ఎడమ కన్ను మూసి అడిగితే అమ్మ అన్నీ చెప్పింది, కిందివరస చిన్న గీతలతో సహా. ఎడమ కంటికి పొర ఉంది, తీయాల్సిందే అన్నాడు. కుడి కన్ను గురించి నేను అడిగాను. ఇప్పుడే చూశారుగా అన్నట్టు నా వంక చూసి, దానికేమండీ, దూరపు చూపు మీకంటే బాగుంది, మీరు అద్దాలు పెట్టుకున్నారు కదా అన్నాడు.

కళ్ళలో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చోమని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె చేతివేళ్ళ చివర్లు కారానికి ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. చాలాసేపు అడగాలా వద్దా అని ఆలోచించి అడిగాను.

"ఆ రోజు గూడ్సని నీకు తెలుసా అమ్మా?"

"తెలియకేం," అంది కళ్ళు తెరవకుండానే.

తరువాత తనే చెప్పింది. నాయనమ్మ కూడా అలాగే చెప్పేదట. బండి మరీ ఆలస్యమైన రోజున, ముఠాలో ఎవరికైనా ఒంట్లో బాగాలేని రోజున, ఏది వస్తే దాన్నే పాసింజరు అనేదట. గూడ్సు కావచ్చు, ఒంటి ఇంజను కావచ్చు, పట్టాలు చూసే వాళ్ళు తోసుకుపోయే ట్రాలీ కావచ్చు. ముప్పై మందీ ఏమీ ఎరగనట్టు లేచేవాళ్ళట. రైతు తండ్రికి తెలుసు, రైతుకీ తెలుసు. ఎవరూ నోరు విప్పకపోతే ఆయన కూడా విప్పడు, మర్నాడు కాయ కొయ్యాలంటే ఆయనకీ మనుషులు కావాలి. నోరు విప్పటమంటూ జరిగితే మాత్రం ఆయన ఊరుకోలేడు, రైతు కదా అంది.

"బండిని చూట్టానికైతే నేనెందుకే?" అంది. "అందరికీ కళ్ళున్నాయిగా."

మరి ఆ రోజు ఎవరికి బాగాలేదని అడిగాను. మూడు నెలల పిల్లను ఇంటికాడ వదిలిపెట్టి కోతకు వచ్చిన అమ్మాయి ఒకతె ఉందని చెప్పింది. నాలుగు దాటాక పాలు చేపుకొచ్చి రవికంతా తడిసిపోయిందట. రొమ్ములు రాళ్ళలా గడ్డకట్టి, కాయ తెంపటానికి చెయ్యి పైకి లేవక, వంగి లోలోపల ఏడుస్తూ ఉందట. ఆ రవిక నేను చూశాను. నా ఎదురు సాలులోనే ఉంది ఆ అమ్మాయి. ఈ మనుషులకి ఇంత చెమట ఎలా పడుతుందో అని మొహం తిప్పుకున్నాను.

ఏ అమ్మాయి అని అడిగాను. పోయి ఏదో ఒకటి చెయ్యాలని, కనీసం మాట్లాడాలని అనిపించింది. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఇటు తిరగలేదు.

"నీకెందుకులే," అంది. "మళ్ళీ పోయి ఆయనకి చెప్తావు."